పుట్టిల్లు విమానమెక్కింది, బీమా ఊళ్లోనే ఉండిపోయింది

తొలి కాన్పు పుట్టింట జరగడం గోదావరి జిల్లాల్లో పాత ఆనవాయితీ. పాలకొల్లు, తణుకు, అమలాపురం వైపు ఇప్పుడు అది తిరగబడి, పుట్టిల్లే విమానమెక్కి డాలస్‌కో న్యూజెర్సీకో వెళ్తోంది. సందర్శక వీసాపై వెళ్లినవారిని అమెరికా సాధారణంగా ఆరు నెలలు ఉండనిస్తుంది. ఆ ఆరు నెలలూ ఆ తల్లిదండ్రుల ఆరోగ్యానికి పూచీ ఎవరిదని అడిగితే 'పాలసీ తీసుకున్నాం కదా' అనే జవాబు వస్తుంది కానీ, అందులో ఏం రాసి ఉందో చదివినవారు అరుదు.

చదివితే తెలిసేది ఏమిటంటే, సందర్శకుల పాలసీల్లో ఎక్కువ భాగం ముందునుంచీ ఉన్న జబ్బులకు వర్తించవు. అరవై దాటిన మనవాళ్లలో బీపీ, షుగరు మందుల డబ్బా లేనివారు ఎందరున్నారు? ఆ జబ్బే ఉన్నట్టుండి ముదిరితే కొంత చెల్లిస్తామనే వెసులుబాటు కొన్ని పాలసీల్లో ఉన్నా, లక్షణం కనిపించిన 24 గంటల్లోపు వైద్యం అందుకోవాలనే షరతు దానికి తోడుంటుంది. మన అమ్మలు రాత్రి గుండెలో పట్టేసినట్టు అనిపించినా 'గ్యాస్ అయి ఉంటుందిలే' అనుకొని వాము నమిలి పడుకుంటారు. తెల్లారితే పిల్లకు ఆఫీసు ఉంది, చెప్పరు. రెండో రోజు సాయంత్రానికి ఇక దాచలేక బయటపెడతారు. అప్పటికి గడువు దాటిపోతుంది. షరతు రాసినవారికి మన తల్లుల సంగతి తెలియకపోవచ్చు, అమ్మినవారికి మాత్రం బాగానే తెలుసు.

మా వీధిలోని ఒక పెద్దావిడ ఆరు నెలలకని మూడు నెలల బీపీ మాత్రలే పట్టుకెళ్లారు. ఇక్కడి చీటీకి అక్కడి మందుల షాపులో మందు ఇవ్వరు, అక్కడి డాక్టరును చూడాలంటే ఫీజు. కూతురికి చెప్పకుండా నాలుగో నెల నుంచి మాత్రను రెండుగా విరిచి వేసుకున్నారు. పూతరేకులు చితికిపోకుండా డబ్బాలో పేపర్లు పరిచి సర్దిన ఆవిడే ఈ లెక్కలో తప్పారు.

అత్యవసర విభాగానికి వచ్చినవారిని, డబ్బున్నా లేకపోయినా, పరీక్షించి స్థిమితపరచాలని అమెరికాలో 1986 నాటి చట్టం ఉంది కాబట్టి భయం లేదని కొందరు ధైర్యం చెబుతారు. వైద్యం నిరాకరించవద్దని చెప్పే ఆ చట్టం వైద్యం ఉచితమని ఎక్కడా చెప్పదు. బిల్లు తరువాత ఇంటికి వస్తుంది.

అసలు తప్పు మన వైపే ఉంది. పదేళ్లుగా ఏటా ప్రీమియం కట్టి, ముందునుంచీ ఉన్న జబ్బులకు బీమా వర్తించని తొలి ఏళ్లను, అంటే నిరీక్షణ కాలాన్ని, పూర్తి చేసిన తండ్రికి స్వదేశంలో ఆ షుగరు జబ్బుకూ బీమా వర్తిస్తుంది. ఆ గరిష్ఠ నిరీక్షణ కాలాన్ని 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నాలుగేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గించింది. ఒక కంపెనీలో గడిపిన కాలాన్ని మరో కంపెనీకి మోసుకెళ్లే పోర్టబిలిటీ 2011 నుంచే ఉంది. కంపెనీ మారినా చెల్లే ఆ కాలం, అదే కంపెనీ అమ్మే విదేశీ ప్రయాణ పాలసీలో మాత్రం ఎందుకు చెల్లదు? మనిషి అతడే, జబ్బు అదే, ఆ జబ్బు చరిత్ర అంతా కంపెనీ దస్త్రాల్లోనే ఉంది. నిరీక్షణ పూర్తయిన జబ్బును విదేశీ పాలసీలోనూ చేర్చాలని హైదరాబాద్‌లోనే ఉన్న ఆ నియంత్రణ సంస్థ ఉత్తర్వు ఇవ్వాలి. డెబ్బై దాటినవారికి కేంద్రం 2024లో ప్రకటించిన 5 లక్షల ఆయుష్మాన్ రక్షణా దేశం దాటి రాదు గనుక, ఈ మార్గం తప్ప వేరే దారి లేదు.

అక్కడి చికిత్స ఖర్చును ఇక్కడి ప్రీమియం మోయలేదని కంపెనీలు అంటాయి. అందులో నిజముంది, ప్రీమియం పెంచమనండి, పరిమితి పెట్టమనండి, అంతేకానీ పూర్తిగా తలుపు మూయడం లెక్క కాదు. పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకు కెనడా ఇచ్చే సూపర్ వీసాకు కనీసం లక్ష కెనడియన్ డాలర్ల ఆరోగ్య బీమా తప్పనిసరి. అక్కడి కంపెనీల్లో కొన్ని, నిలకడగా ఉన్న పాత జబ్బులను అదనపు ప్రీమియంతో చేర్చుకుంటున్నాయి. ఐరోపాలో ఉమ్మడి వీసా ఇచ్చే షెంజెన్ దేశాలు కనీసం 30 వేల యూరోల బీమా లేనిదే వీసా ఇవ్వవు. అమెరికా సందర్శక వీసాకు అలాంటి నిబంధన లేకపోవడం వల్లనే మనవాళ్లు అతి చౌక పాలసీని వెతుకుతున్నారు.

ఆ చౌక బేరం వెనక నన్ను ఎప్పుడూ తొలిచే సంగతి ఒకటుంది. ఈ అమ్మలు అక్కడికి చుట్టపుచూపుగా వెళ్లరు. బాలింతకు పథ్యం వండుతారు, పసిపిల్లకు నలుగు పెట్టి స్నానం చేయిస్తారు, రాత్రి రెండింటికి ఉయ్యాల ఊపుతారు. అదే పని బయటివారితో చేయిస్తే నెలనెలా ఎంత చెల్లించాలో ఆ పిల్లలకు బాగా తెలుసు. అమ్మ చేస్తే దానికి మమకారం అని పేరు పెట్టి ఖాతాలోంచి తీసేస్తాం. వరి నాట్లకు వంగిన ఆడకూలీ పనిని గుర్తించడానికి కూడా ఈ డెల్టాకు చాలా కాలం పట్టింది. ఇంట్లో చేసే పనిని గుర్తించడం ఇంకా మొదలే కాలేదు. కనీసం పనిచేసే చోట జబ్బు చేస్తే చూపించే పూచీనైనా ఆ పనికి రావలసిన కూలిగా లెక్కకట్టాలి. అమెరికా టికెట్టు కొనేటప్పుడు కాళ్లు చాపుకొనే సీటు కోసం అదనంగా చెల్లించే కొడుకు, పూర్తి రక్షణ ఉన్న పాలసీకి ఆ తేడా చెల్లించడానికి వెనకాడితే, పూచీ ఎవరిదన్న ప్రశ్న కంపెనీని కాదు, అతడినే అడగాలి.