గోల్‌కి 200 కోట్లా? ఆ బొమ్మలో లెక్క ఎక్కడ తప్పింది

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్ ఫ్యాన్స్ ఉన్న వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న బొమ్మ ఇది. ఆ సీజన్లో జట్టుకి ఆడిన ఇద్దరు స్ట్రైకర్లు, అంటే గోల్స్ కొట్టడమే పనిగా ముందు వరసలో ఆడేవాళ్లు, అందులో ఉంటారు. ఎడమ పక్క రాస్మస్ హోయ్‌లుండ్, కుడి పక్క జోషువా జిర్క్‌జీ, ఇద్దరూ తల పట్టుకుని ఉంటారు. కింద ఎర్ర అక్షరాల్లో లెక్క. హోయ్‌లుండ్ ధర 7.2 కోట్ల పౌండ్లు, 2024-25 ప్రీమియర్ లీగ్‌లో కొట్టిన గోల్స్ 4. అంటే గోల్‌కి 1.8 కోట్ల పౌండ్లు, మన డబ్బుల్లో దాదాపు 200 కోట్లు. జిర్క్‌జీ ధర 3.65 కోట్ల పౌండ్లు, గోల్స్ 3. అన్నిటి కింద తీర్పు: "యునైటెడ్‌ని 15వ స్థానానికి దించింది వీళ్లిద్దరే. మంచి స్ట్రైకర్ ఒక్కడుంటే టాప్ ఫోర్ ఖాయం."

నాకు పంపింది మా బావమరిది. పంపి ఊరుకోకుండా "దీనికి సమాధానం చెప్పు బావా, చూద్దాం" అని ఆడియో మెసేజ్ కూడా పెట్టాడు. వాడు చెల్సీ ఫ్యాన్. 5 కోట్ల పౌండ్లు పోసి స్ట్రైకర్ టోరెస్‌ని కొని, 2011లో అతని మొదటి గోల్ కోసం 903 నిమిషాలు ఎదురుచూసిన క్లబ్ వాళ్లది. సరే, అది వేరే పంచాయతీ.

ముందే ఒప్పుకుంటాను, బొమ్మలో ఉన్న అంకెలు నిజమే. 4 గోల్స్ అంటే 4 గోల్సే. ఆ అంకెల్ని పట్టుకుని చేసిన వాదనతోనే నాకు పేచీ.

మొదట ఆ భాగహారం సంగతి. 7.2 కోట్లలో ఖాయంగా కట్టాల్సింది 6.4 కోట్లు, మిగతా 80 లక్షలు షరతుల మీద ఆధారపడ్డ డబ్బు. అదంతా ఒక్క సీజన్ కోసం పెట్టింది కాదు. అయినా మొత్తం డబ్బు పైన పెట్టి, కింద మాత్రం ఒక్క సీజన్, అందులోనూ లీగ్ గోల్స్ మాత్రమే పెట్టారు. అదే సీజన్లో యూరప్ క్లబ్బుల రెండో స్థాయి టోర్నీ యూరోపా లీగ్‌లో అతను కొట్టిన 6 గోల్స్ ఎటు పోయాయి? అంతకుముందు సీజన్ 16 ఎటు పోయాయి? రెండేళ్లు కలిపితే యునైటెడ్‌కి 95 మ్యాచ్‌ల్లో 26 గోల్స్. మొత్తం 7.2 కోట్లూ లెక్కేసినా గోల్‌కి 28 లక్షల పౌండ్లు కూడా పడదు. ఆ ధరకి 26 గోల్స్ గొప్పేమీ కాదు, నేనూ గొప్ప అనట్లేదు. కానీ 1.8 కోట్లకీ 28 లక్షలకీ తేడా లేదా?

ఇంకో మాట. ఇటలీ క్లబ్ అట్లాంటాలో ఒక సీజన్లో 9 లీగ్ గోల్స్ కొట్టిన 20 ఏళ్ల కుర్రాడికి ఆ రేటు కట్టింది క్లబ్బే. హోయ్‌లుండ్ వెళ్లి బేరం ఆడలేదు. ఆ సంతకం పెట్టిన వాళ్ల ఫోటోలు ఆ బొమ్మలో ఎందుకు లేవో నాకు అర్థం కాదు.

ఇక 15వ స్థానం. వాదన మొత్తానికి ఇదే ఆయువుపట్టు, పూర్తిగా కూలిపోయేదీ ఇక్కడే. ఆ సీజన్లో యునైటెడ్ లీగ్‌లో కొట్టింది 44 గోల్స్. అంతకంటే తక్కువ కొట్టిన జట్లు నాలుగే ఉన్నాయి. కింది డివిజన్‌కి పడిపోయిన సౌతాంప్టన్, లెస్టర్, ఇప్స్‌విచ్, వాటితో పాటు ఎవర్టన్. ఇప్పుడు ఎవర్టన్ సంగతి చూడండి. 42 గోల్స్ కొట్టింది, అంటే యునైటెడ్ కంటే రెండు తక్కువ. అయినా 48 పాయింట్లతో 13వ స్థానంలో నిలిచింది. యునైటెడ్‌కి వచ్చింది 42 పాయింట్లు. గోల్స్ తక్కువ కొట్టిన జట్టుకి ఆరు పాయింట్లు ఎక్కువ ఎలా వచ్చాయి? ఎవర్టన్ ఇచ్చుకున్న గోల్స్ 44, యునైటెడ్ ఇచ్చుకున్నవి 54. ఆ పది గోల్స్ తేడా హోయ్‌లుండ్ ఖాతాలో రాస్తారా, జిర్క్‌జీ ఖాతాలో రాస్తారా?

"ఒక్క మంచి స్ట్రైకర్ ఉంటే టాప్ ఫోర్" అన్నది సరదా మాట. నాలుగో స్థానంలో నిలిచింది మా బావమరిది చెల్సీయే, 69 పాయింట్లతో. మధ్యలో 27 పాయింట్ల గొయ్యి ఉంది. మా వాళ్లు ఓడినవే 18 మ్యాచ్‌లు. క్రికెట్‌లో 40కి 6 వికెట్లు పడ్డాక దిగినవాడు మ్యాచ్ గెలిపించలేదని తిడితే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

ఇప్పుడు హోయ్‌లుండ్ గురించి అందరూ ఎక్కువగా వాడే మాట: "21 మ్యాచ్‌లు గోల్ లేకుండా ఆడినవాడు స్ట్రైకరేనా?" అన్ని టోర్నీలూ కలిపి 21, నిజమే. 2024 డిసెంబర్ 12న చెక్ క్లబ్ ప్ల్‌జెన్ మీద సబ్‌గా దిగి రెండు గోల్స్ కొట్టి 2-1తో గెలిపించాడు. తర్వాతి గోల్ 2025 మార్చి 16న లెస్టర్ మీద. ఆ మూడు నెలల్లో అతని వెనకాల ఏం జరిగిందో బొమ్మలో లేదు.

కొత్త కోచ్ అమోరిం వచ్చింది నవంబర్‌లో, సీజన్ నడుస్తుండగా. వచ్చీ రాగానే జట్టు ఆడే తీరుని 3-4-3కి, అంటే వెనక ముగ్గురు, మధ్యలో నలుగురు, ముందు ముగ్గురుగా, మార్చాడు. రాష్‌ఫోర్డ్ యునైటెడ్ తరఫున చివరిగా ఆడింది ఆ ప్ల్‌జెన్ మ్యాచే, ఫిబ్రవరికల్లా లోన్ మీద (కొంతకాలం అరువుకి) ఆస్టన్ విల్లాకి వెళ్లిపోయాడు. జనవరిలో ఆంటనీని స్పెయిన్ క్లబ్ బెటిస్‌కి పంపారు. పక్కల నుంచి దాడి చేసే వింగర్లు ఇద్దరు పోయారు, వాళ్ల బదులు దాడికి ఒక్కరినీ తేలేదు. ఫిబ్రవరిలో అమాద్ డియాలో చీలమండ దెబ్బతింది. ఆ నెలలో టాటెన్‌హామ్‌తో మ్యాచ్ నాటికి బెంచీ మీద కూర్చున్న వాళ్లలో ఎక్కువ మంది టీనేజర్లే. అలాంటప్పుడు స్ట్రైకర్‌కి బంతి ఎవరిస్తారు?

ఆ మ్యాచ్‌లు పూర్తిగా చూసినవాళ్లకి ఒక దృశ్యం గుర్తుండి తీరాలి. బంతి ఎడమ పక్క ఆడుతున్న డిఫెండర్ డాలో దగ్గరికి వస్తుంది. హోయ్‌లుండ్ అప్పటికే ఇద్దరు డిఫెండర్ల మధ్య నుంచి దగ్గరి పోస్ట్ వైపు పరుగు మొదలుపెట్టేసి ఉంటాడు. అప్పుడే క్రాస్ పడాలి, అంటే పక్క నుంచి గోల్ ముందుకి బంతి రావాలి. డాలోది కుడికాలు. ఎడమకాలితో వెయ్యడు, ఆగి, బంతిని లోపలికి లాగి, కుడికాలి మీదకి తెచ్చుకుంటాడు. ఈలోపు హోయ్‌లుండ్ పోస్ట్ దగ్గరికి చేరి ఆగిపోయాడు, డిఫెండర్ అతని ముందుకొచ్చి నిలబడ్డాడు. డాలో తలెత్తి చూసి బంతి వెనక్కి ఇచ్చేస్తాడు. హోయ్‌లుండ్ రెండు చేతులూ చాచి "ఎక్కడ?" అన్నట్టు చూస్తాడు. ఐదు నిమిషాల తర్వాత మళ్లీ ఇదే. హైలైట్స్‌లో ఇది రాదు, ఎందుకంటే అక్కడ షాటే లేదు. హైలైట్స్ మాత్రమే చూసేవాడికి "హోయ్‌లుండ్ ఈ మ్యాచ్‌లో కూడా ఏమీ చెయ్యలేదు" అనే కనిపిస్తుంది.

గోల్ కొట్టడమే రానివాడైతే 2023 సంగతేంటి? ఆ సీజన్ మొదట్లో లీగ్‌లో 14 మ్యాచ్‌లు ఆడినా గోల్ లేదు, డిసెంబర్ 26న విల్లా మీద 3-2 విజయంలో మొదటిది కొట్టాడు. సరిగ్గా ఆ ఎండిపోయిన నెలల్లోనే ఛాంపియన్స్ లీగ్ గ్రూపులో బయర్న్ మీద 1, గలటసరాయ్ మీద 2, కోపెన్‌హాగన్ మీద 2 కొట్టాడు. మనిషి అదే, కాళ్లు అవే. విల్లా మీద ఆ గోల్‌తో మొదలుపెట్టి ఫిబ్రవరి దాకా వరసగా ఆడిన ఆరు లీగ్ మ్యాచ్‌ల్లోనూ గోల్స్ కొట్టాడు. ప్రీమియర్ లీగ్‌లో అంత చిన్న వయసులో ఆ పని చేసినవాడు అప్పటికి ఇంకొకడు లేడు.

వెనకేసుకురావడం ఇంతవరకే. అతని లోపాలూ చెప్పాలి, లేకపోతే నేనూ ఇంకో బొమ్మ తయారు చేసినట్టే. గోల్‌కి వీపు పెట్టి బంతి ఆపడం అతనికి సరిగ్గా రాలేదు. పొడుగు బంతి వస్తే ముందు డిఫెండర్‌తో కుస్తీకి దిగేవాడు, బంతిని తర్వాత చూసేవాడు. మొదటి టచ్ రెండు గజాలు దూరం పోయేది. అంతా ఎడమకాలే. మార్చి వచ్చేసరికి మొహంలో టెన్షన్ కనిపించేది, షాట్ కొట్టాల్సిన చోట పాస్ వెతికేవాడు. అతనికి పైన ఒక అనుభవజ్ఞుడైన స్ట్రైకర్ ఉండి, ఇతను నేర్చుకుంటూ ఆడాల్సిన వయసు అది. అలాంటివాడిని క్లబ్ కొనలేదు. రెండో స్ట్రైకర్‌గా తెచ్చింది జిర్క్‌జీని.

ఆ బొమ్మ చేసిన అన్యాయాల్లో పెద్దది జిర్క్‌జీకే చేసింది. ఇద్దర్నీ ఒకే గాటన కట్టేసింది. అసలు అతను ఆ రకం స్ట్రైకరే కాదు. ఇటలీ క్లబ్ బొలోనియాలో 2023-24లో 11 లీగ్ గోల్స్ కొట్టాడు, ఆ జట్టు ఛాంపియన్స్ లీగ్‌కి వెళ్లింది. కానీ అక్కడ అతని అసలు పని వెనక్కి దిగి బంతి అందుకోవడం, డిఫెండర్‌ని వెంట లాక్కురావడం, ఆ ఖాళీలోకి పరిగెత్తేవాడికి ఒక్క టచ్‌తో ఇవ్వడం. కొత్త విద్యేమీ కాదు. 1953లో వెంబ్లీలో హంగరీ ఇంగ్లండ్‌ని 6-3తో చితక్కొట్టినప్పుడు హంగరీ స్ట్రైకర్ హిడెకుటి ఆడింది అలాగే. యునైటెడ్‌లో అతను వెనక్కి దిగితే ఆ ఖాళీలోకి పరిగెత్తేవాళ్లే లేరు. "బద్ధకస్తుడు, నడుస్తుంటాడు" అన్న మాట అక్కడ పుట్టింది.

2024 డిసెంబర్ 30న సొంత మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో న్యూకాజిల్‌తో మ్యాచ్‌లో 33వ నిమిషానికే అతన్ని బయటికి పిలిచారు. బోర్డు మీద నంబర్ కనపడగానే సొంత ఫ్యాన్సే కేరింతలు కొట్టారు. నేను పాతికేళ్లుగా ఈ క్లబ్ చూస్తున్నాను, ఆ రోజు సిగ్గేసింది. సరిగ్గా 13 రోజులకి, జనవరి 12న, ఎఫ్ఏ కప్‌లో ఆర్సెనల్ మైదానంలో యునైటెడ్ పదిమందితో ఆడి పెనాల్టీల దాకా లాగింది. గెలిపించే చివరి పెనాల్టీ కొట్టడానికి నడిచి వెళ్లింది జిర్క్‌జీయే. అవును, నడిచే వెళ్లాడు. కొట్టాడు.

నా మాటలకి ఎదురుగా బావమరిది వేసిన ప్రశ్న ఒకటుంది, బాగానే ఉంది: "పాసులు రాలేదంటావు, మరి బ్రూనో 19 ఎలా కొట్టాడు?" వాడు అనేది యునైటెడ్ మిడ్‌ఫీల్డర్ బ్రూనో ఫెర్నాండెస్ గురించి, 19 అన్ని టోర్నీలూ కలిపి. బ్రూనో గోల్స్ ఎక్కడి నుంచి వచ్చాయో చూడాలి. రియల్ సోసియెడాడ్ మీద హ్యాట్రిక్‌లో రెండు పెనాల్టీలు. ఆర్సెనల్ మీద లీగ్‌లో ఫ్రీకిక్. పెనాల్టీలు, ఫ్రీకిక్కులు స్ట్రైకర్ల దాకా రాకుండా బ్రూనోయే కొట్టేవాడు, కొట్టాలి కూడా, అతను బాగా కొడతాడు. లీగ్ వరకే చూస్తే ఇవన్నీ కలిపినా బ్రూనోకి వచ్చింది 8, అమాద్‌కి 8. జట్టులో అందరికంటే ఎక్కువ కొట్టినవాళ్ల లెక్కే అది. పది దాటినవాడు ఒక్కడు లేడు. కరువు ఇద్దరిది కాదు, ఇంటిల్లిపాదిదీ.

"వాన్ నిస్టెల్‌రాయ్ అయితే ఇదే జట్టులో పాతిక కొట్టేవాడు" అని కూడా అంటారు. ఒకప్పటి యునైటెడ్ స్ట్రైకర్ ఆయన, 219 మ్యాచ్‌ల్లో 150 కొట్టాడు, దాదాపు అన్నీ గోల్ ముందుండే పెనాల్టీ బాక్స్ లోపల నుంచే. ఆ బాక్స్‌లోకి కుడి నుంచి బెక్‌హామ్, ఎడమ నుంచి గిగ్స్, మధ్యలోంచి స్కోల్స్ బంతులు పంపేవాళ్లు. డాలో ఆగి కాలు మార్చుకునే లోపల ఆయనైనా ఏం చేస్తాడు? అన్నట్టు, హోయ్‌లుండ్ 21 మ్యాచ్‌ల కరువు తీర్చుకున్న రోజు ఎదుటి లెస్టర్ జట్టు కోచ్ ఎవరనుకున్నారు? వాన్ నిస్టెల్‌రాయే.

బిల్బావోలో మే 21 యూరోపా ఫైనల్. మనకి అర్ధరాత్రి దాటి పన్నెండున్నరకి మొదలైంది, ఇంట్లో అందరూ పడుకున్నారని టీవీ సౌండ్ తీసేసి చూశాను. 42వ నిమిషంలో టాటెన్‌హామ్‌కి బ్రెన్నన్ జాన్సన్ గోల్. రెండో సగంలో ఒక ఫ్రీకిక్‌ని గోల్‌కీపర్ వికారియో సరిగ్గా అందుకోలేకపోయాడు. బంతి హోయ్‌లుండ్ తల మీదకి వచ్చింది. తొందరపడకుండా ఖాళీ గోల్ వైపు పైకి లేపి పెట్టాడు. బంతి నెమ్మదిగా దిగుతోంది, నేను సోఫా మీద నుంచి సగం లేచాను. టాటెన్‌హామ్ డిఫెండర్ వాన్ డి వెన్ ఎక్కడి నుంచి వచ్చాడో, వెనక్కి ఎగిరి, గాల్లో కాలు ఎత్తి గీత మీద నుంచి బయటికి తన్నేశాడు. 1-0తో పోయింది. ఆ కాలు ఒక్క అడుగు ఇటు పడి ఉంటే మర్నాటి బొమ్మల్లో అతని మొహం వేరేలా ఉండేది.

ఇప్పుడు అవతలి వైపు బొమ్మ కూడా తిరుగుతోంది: "నాపోలి వెళ్లగానే కొట్టాడు, కాబట్టి అతనిలో ఏ లోపమూ లేదు." ఇదీ తొందరపాటే. 2025 సెప్టెంబర్‌లో ఆ ఇటలీ క్లబ్‌కి లోన్ మీద వెళ్లి మొదటి మ్యాచ్‌లోనే ఫియొరెంటీనా మీద కొట్టాడు. అక్టోబర్ 1న స్పోర్టింగ్ మీద రెండు కొట్టాడు, రెండు పాసులూ నాపోలి మిడ్‌ఫీల్డర్ డి బ్రయ్నవే. హోయ్‌లుండ్ పరుగు మొదలుపెట్టగానే ముందున్న ఖాళీలోకి బంతి వచ్చేసింది. డాలో ఆగే ఆ క్షణం అక్కడ లేదు, అంతే. మొదటి టచ్ రాత్రికి రాత్రి మారిపోలేదు.

ఇవన్నీ టైప్ చేసి బావమరిదికి పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. నవంబర్‌లో ఇంకో బొమ్మ పంపాడు. ఈసారి ఫోటో యునైటెడ్ కొత్తగా కొన్న స్ట్రైకర్ బెంజమిన్ సెష్కోది: 7 కోట్ల పౌండ్లకు పైగా ధర, 2 లీగ్ గోల్స్, కింద అదే భాగహారం. ఫాంట్ కూడా మార్చలేదు.