కారులో కరెంటు పోయింది, కాస్త సర్దుకోండి

కరెంటు పోవడం గురించి మన తెలుగోళ్ళకి ఎవరూ ట్యూషన్ చెప్పక్కర్లేదు. 2012, 13 రోజులు గుర్తున్నాయి కదా, ఉమ్మడి రాష్ట్రంలో ఫ్యాక్టరీలకే వారానికిన్ని రోజులని పవర్ హాలిడేలు ఇచ్చారు, ఇక ఊళ్ళ సంగతి చెప్పేదేముంది, కరెంటు ఎప్పుడు పోతుందా అని ఎవడూ చూసేవాడు కాదు, ఎప్పుడొస్తుందా అని చూసేవాళ్ళం, రాగానే వీధి వీధంతా పిల్లలు "వచ్చిందోయ్" అని ఒకటే అరుపులు. తర్వాత ఇన్వర్టర్లొచ్చాయి, అపార్ట్‌మెంట్లకి జనరేటర్లొచ్చాయి, ఆ కళంతా పోయింది. ఇప్పటి పిల్లాడికి విసనకర్ర ఇస్తే దాంతో షటిల్ ఆడతాడు.

ఇంత గొప్ప వారసత్వం మన కళ్ళముందే అంతరించిపోతుంటే ఏ ప్రభుత్వమూ పట్టించుకోలేదు. ఎలక్ట్రిక్ కార్ల కంపెనీలు పట్టించుకున్నాయి. ఇంట్లో పోయే కరెంటుని తీసుకొచ్చి నడిరోడ్డు మీద, కదులుతున్న కార్లో, ఏసీ ఆన్‌లో ఉండగా పోయేలా ఏర్పాటు చేశాయి. అది కూడా ఊరికే కాదండోయ్, లక్షల్లో తీసుకుని.

ఈ విషయం మీద నాకు మాట్లాడే అర్హత ఏంటి అంటారా. మా బావకి ఎలక్ట్రిక్ కారుంది. నాకు 2011 మోడల్ పెట్రోల్ కారుంది. అర్హత అక్కడే వచ్చింది.

బావ గురించి రెండు ముక్కలు చెప్పాలి. 2024 నవంబర్ 18 నుంచి తెలంగాణలో ఎలక్ట్రిక్ బండ్లకి రోడ్ ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ అని జీవో వచ్చింది కదా, బావ ఆ వారంలోనే షోరూంలో ఉన్నాడు. పచ్చ నంబర్ ప్లేట్, బానెట్ మీద స్వస్తిక్, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు. ఆ రోజు నుంచి మా ఇంటికొస్తే కాఫీ తాగేలోపు నా కారుని మూడుసార్లు తిట్టకుండా వెళ్ళింది లేదు. "అందులో ఇంజిన్ ఉంది, ఆయిల్ ఉంది, ఫ్యాన్ బెల్ట్ ఉంది, ఏదో ఒకటి పోతూనే ఉంటుంది, నా దాంట్లో పోవడానికి అసలు ఏముందిరా?" ఇదీ ఆయన డైలాగు. పార్కింగ్‌లో చార్జింగ్ పాయింట్ కోసం అసోసియేషన్‌తో ఆర్నెల్లు యుద్ధం చేసి గెలిచిన మనిషి, మరి ఆ మాత్రం ఉంటుంది.

మొన్న ఎండాకాలం, మేనల్లుడు డల్లాస్ నుంచి దిగుతున్నాడని అక్కనెక్కించుకుని ఎయిర్‌పోర్టుకి బయల్దేరాడు. అవుటర్ రింగ్ రోడ్డు, మొత్తం 158 కిలోమీటర్లున్న రోడ్డు, 120 స్పీడుకి పర్మిషన్, ఆగడానికి మాత్రం ఎక్కడా పర్మిషన్ లేదు. నార్సింగి దగ్గర ఎక్కగానే వెనకెక్కడో టప్ మని ఒక శబ్దం వచ్చిందట. బావ అక్కని చూసి "ఆ డబ్బా సరిగ్గా పెట్టుకోవచ్చు కదా" అన్నాడట (కొడుకు కోసం సున్నుండల డబ్బా ఉంది వెనక సీట్లో, పాపం దాని మీద వేశాడు). కాసేపటికి స్క్రీన్ మీద ఇంగ్లీషులో ఏదో వచ్చింది, పవర్ సప్లై చెక్ చేసుకోమని. అది ఫోన్ చార్జర్ గురించేమో అనుకుని దాన్ని వేలితో పక్కకి నెట్టేశాడు. ఇంకాసేపటికి తాబేలు బొమ్మ వచ్చింది. అక్కకి ముచ్చటేసి "భలే ఉంది కదండీ" అంది.

దశావతారాల్లో రెండోది అది. పవర్ తగ్గిపోయింది, ఇక పాకడమే అని కారు చెప్పే గుర్తు. కారు కూర్మావతారం ఎత్తింది అంటే ఇక కథ ఎటు పోతుందో పురాణం తెలిసినవాడికి అర్థమవ్వాలి. రాజేంద్రనగర్ ఎగ్జిట్ కనిపించేలోపు యాక్సిలరేటర్ తొక్కితే సోఫా తొక్కినట్టుందట, స్టీరింగ్ రుబ్బురోలు అయిపోయింది, ఎలాగో ఈడ్చి పక్కకి ఆపాడు. ఏసీ పోయింది, స్క్రీన్ పోయింది, అద్దాలు దిగట్లేదు. హజార్డ్ లైట్లు రెండుసార్లు కొట్టుకుని అవీ పోయాయి. స్క్రీన్ పోయే ముందు ఆఖరుగా చూపించిన అంకె, ఇది బావ ఇప్పటికీ చెప్తాడు, 64 శాతం చార్జింగ్.

వెనక లారీ ఒకటి ఆగింది. డ్రైవర్ మంచోడు, దిగొచ్చి "ఏమైందన్నా, డీజిల్ ఒడిసిందా?" అన్నాడు. బావ అంత కష్టంలోనూ ఛాతీ విరుచుకుని "ఎలక్ట్రిక్. సిక్స్‌టీ ఫోర్ పర్సెంట్ ఉంది" అన్నాడట. ఆయన కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి "గంత ఉంటే మరెట్ల ఆగిందన్నా?" అన్నాడు.

చూడండి, ఇంజినీర్లు మీటింగులు పెట్టుకుని తేల్చాల్సిన ప్రశ్న. దీనికి జవాబు మాత్రం నేను చెప్తా, ఎందుకంటే ఆ తర్వాత రెండు వారాలు రాత్రుళ్ళు కూర్చుని ఇదే చదివా. కింద పరిచిన పెద్ద బ్యాటరీ ఉంది కదా, దానికీ మోటార్‌కీ మధ్య స్విచ్చులుంటాయి. ఆ స్విచ్చులు మూసుకుని, అంటే ఆన్‌లో ఉండాలంటే 12 వోల్టుల కరెంటు కావాలి, స్క్రీన్‌కీ లైట్లకీ కంప్యూటర్లకీ అన్నిటికీ అదే. అది ఎక్కడి నుంచి వస్తుంది? ఒక చిన్న బ్యాటరీ నుంచి. మీ తాతగారి అంబాసిడర్‌లో ఉన్నలాంటిదే, వరసకి దాని మనవడు. పెద్ద బ్యాటరీ నుంచి కరెంటుని దించి ఈ చిన్నదాన్ని చార్జ్ చేసే డబ్బా ఒకటి ఉంటుంది. ఆ డబ్బా పోయిందా, చిన్న బ్యాటరీ ఒక్కతే ఇల్లంతా నెట్టుకొస్తుంది, ఒక పావుగంటో అరగంటో, తర్వాత చేతులెత్తేస్తుంది. అప్పుడు స్విచ్చులు వాటంతటవే తెరుచుకుంటాయి, అంటే ఆఫ్ అయిపోతాయి. కింద మహాసముద్రం ఉన్నా పైకి చుక్క రాదు. సాగర్ నిండుకుండలా ఉంది, గేట్లెత్తే మోటార్‌కి కరెంటు లేదు, అంతే సంగతి.

ఇప్పుడు ఇదేదో మా బావ జాతకం అనుకోకండి. ఆయన కారు పేరు నేను చెప్పను, ఇప్పుడు చెప్పబోయే లిస్టులో అది లేదు కూడా. కానీ లిస్టు మాత్రం ఉంది. హ్యుందాయ్, కియా వాళ్ళ ఎలక్ట్రిక్ కార్లలో ఆ చార్జింగ్ డబ్బాకి పెట్టిన పేరు ఐసీసీయూ (ఇంటిగ్రేటెడ్ చార్జింగ్ కంట్రోల్ యూనిట్). నిజంగా, నేను కల్పించలేదు. మనూళ్ళో ఐసీసీయూ అంటే బయట చెప్పులిప్పి, సాయంత్రం ఐదింటికి ఒక్కొక్కళ్ళే లోపలికెళ్ళి చూసొచ్చే చోటు. కారు పుట్టడమే ఐసీసీయూతో పుడితే ఆయుష్షు గురించి అడగడం మన తప్పు. 2023 జూన్‌లో అమెరికా రోడ్డు భద్రత సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ, నడుస్తుండగా పవర్ పోతోందని 30 ఫిర్యాదులు రావడంతో సుమారు 39,500 హ్యుందాయ్ అయానిక్ 5 కార్ల మీద విచారణ మొదలుపెట్టింది. ఆ ఫిర్యాదుల్లో చాలామంది రాసిన మాట ఏంటంటే, ముందు టప్ మని శబ్దం వచ్చింది అని. అక్కా, నీ సున్నుండల డబ్బా నిర్దోషి.

2024 మార్చిలో అమెరికాలో ఈ డబ్బా జబ్బుకే హ్యుందాయ్, దాని ఖరీదైన బ్రాండ్ జెనెసిస్ కార్లు 98,878 వెనక్కి పిలిచారు, కియా ఈవీ6లు ఇంకో 48,232. వైద్యం ఏంటయ్యా అంటే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్, డబ్బా కాలిపోయుంటే కొత్త డబ్బా. అదే ఏడాది నవంబర్‌లో మళ్ళీ 1,45,235 కార్లని పిలిచారు, అందులో మొదటిసారి వైద్యం చేయించుకుని ఇంటికెళ్ళినవాళ్ళు కూడా ఉన్నారు. మనదేశం వెనకబడితే బాగోదు కదా, 2024 జూన్‌లో ఇక్కడ 1,744 అయానిక్ 5లు, జులైలో 1,138 ఈవీ6లు, 2025 ఫిబ్రవరిలో మళ్ళీ 1,380 ఈవీ6లు. అయానిక్ 5 మన దగ్గర లాంచ్ అయింది 44 లక్షల 95 వేలకి. పెద్ద బ్యాటరీ 72.6 కిలోవాట్ అవర్, అంటే మన మీటర్ లెక్కలో 72.6 యూనిట్లు, మా ఇంటికైతే ఏసీ వెయ్యకపోతే పది రోజుల కరెంటు. ఇలాంటి కార్లలో పెట్టే 12 వోల్టులది చూస్తే గట్టిగా అర యూనిట్ దగ్గర ఉంటుంది. కరెంటు ఎంతున్నా అరయూనిట్ గారు సంతకం పెట్టకపోతే బండి కదలదు. గవర్నమెంట్ ఆఫీసులో పనిచేసినవాళ్ళకి ఈ డిజైన్ అర్థం చేసుకోవడం కష్టమేం కాదు, ఫైలు కలెక్టర్ దగ్గర ఎప్పుడూ ఆగదు.

ఇక కంపెనీల భాష చూడాలి. కారు ఆగిపోవచ్చు అని ఎక్కడా రాయరు. డ్రైవ్ పవర్ కోల్పోయే అవకాశం అంటారు. మా ఊరి లైన్‌మ్యాన్ కూడా ఎప్పుడూ కరెంటు పోయింది అనేవాడు కాదు, "ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకున్నామండి" అనేవాడు. వీళ్ళకి నా సలహా ఒకటే, ఆ పాత కోతల టైంటేబుల్ పద్ధతి పెట్టండి బాబూ. ఎ గ్రూపు కార్లకి పొద్దున ఆరు నుంచి ఎనిమిది, బి గ్రూపుకి ఎనిమిది నుంచి పది, ముందే యాప్‌లో వేసేస్తే మేం కూడా విసనకర్ర, మంచినీళ్ళ సీసా, పేకముక్కలు సర్దుకుని బయల్దేరతాం. చెప్పకుండా తీసేస్తేనే కదా బాధ.

సరే, అవుటర్ మీదకొద్దాం. హెల్ప్‌లైన్‌కి చేస్తే "మీ కాల్ మాకు చాలా ముఖ్యం" అని పాటేసింది. అప్పుడు బావ నాకు ఫోన్ చేశాడు. రెండు సెకన్లు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఏరా, నీ కారు బానే నడుస్తోందా?" అన్నాడు. పద్నాలుగేళ్ళలో నా కారు క్షేమం అడగడం అదే మొదటిసారి, నాకు కళ్ళు చెమర్చాయి.

జంపర్ కేబుల్స్ వేసుకుని వెళ్ళా. ఆ లారీ అతను అప్పటిదాకా అక్కడే ఉన్నాడు పాపం, తన బండిది 24 వోల్టులట, పెడితే ఉన్నవి కూడా కాలిపోతయని తనే పెట్టనివ్వలేదు. బానెట్ లేపితే ప్లాస్టిక్ మూత, మూత తీస్తే లోపల నల్లగా, చిన్నగా, టెర్మినల్ మీద కాస్త తెల్ల పొడితో ఒక బ్యాటరీ. బావ దాన్ని అలాగే చూస్తూ నిలబడ్డాడు, పెళ్ళైన ఇన్నేళ్ళకి మొగుడి మొదటి సంబంధం సంగతి తెలిసినావిడలాగా. "ఇదెందుకుంది ఇక్కడ?" అన్నాడు. నేనేం మాట్లాడలేదు. ఎర్ర వైరు పెట్టా, నల్ల వైరు పెట్టా, నా పెట్రోల్ కారు స్టార్ట్ చేసి పొగ గొట్టించా. రెండు నిమిషాలకి స్క్రీన్ వెలిగింది. అక్క "వచ్చిందోయ్" అని అరిచింది, ఆవిడకి చిన్నప్పటి అలవాటు పోలేదు.

సరిగ్గా అప్పుడే మేనల్లుడి ఫోన్. "డాడీ, మీరు రాలేదని క్యాబ్ ఎక్కేశా, అవుటర్ మీదున్నా, అవతల వైపు అచ్చం మన కారులాంటిది ఆగిపోయి ఉంది, ఎవరో పాపం ముసలాయన అట్టముక్కతో విసురుకుంటున్నాడు." బావ చేతిలో అట్టముక్క కింద పెట్టేశాడు. యాభై నాలుగేళ్ళు ఆయనకి.

కారు తాబేలు బొమ్మతోనే రెండు కిలోమీటర్లు పాకి ఎగ్జిట్ దిగగానే మళ్ళీ మౌనవ్రతం పట్టింది. చార్జ్ చేసే డబ్బానే పోయాక నేను ఎక్కించిన కరెంటు ఎంతసేపు ఆగుతుంది. తాడు కట్టి లాగుదామంటే చక్రాలు తిరిగితే మోటార్‌కి మంచిది కాదు, మొత్తం బండిని ఎత్తి పెట్టుకునే లారీ రావాలన్నారు. వచ్చింది, మూడు గంటలకి. పసుపు కుంకుమ పెట్టిన పచ్చ ప్లేట్ కారు డీజిల్ లారీ మీద ఊరేగుతూ పోతుంటే వినాయకుణ్ణి ట్యాంక్‌బండ్‌కి తీసుకెళ్ళినట్టే ఉంది. మేం వెనక నా కార్లో. బావ దారంతా ఒకటే మాట, "మీ అపార్ట్‌మెంట్‌లో ఎవరికీ చెప్పకురోయ్." చెప్పలేదు బావా, అపార్ట్‌మెంట్‌లో ఎవరికీ చెప్పలేదు.

నాలుగో రోజు సర్వీస్ సెంటర్ నుంచి ఫోనొచ్చింది. "ఫీజు పోయింది సార్, దాంతోపాటు చార్జింగ్ యూనిట్ కూడా." బావకి మొదటి ముక్క వేరేలా వినబడి "వారంటీలో ఉంటే ఫీజేంటయ్యా, ఎంత?" అని పావుగంట గొడవపడ్డాడు. తేలిందేంటంటే ఫీజు అంటే ఫీజే, కాలిపోయే ఫీజు. డబ్బులు అక్కర్లేదు, కానీ పార్టు రావాలి, ఎప్పుడొస్తుందో చెప్పలేం, ఈలోపు సాఫ్ట్‌వేర్ మాత్రం అప్‌డేట్ చేశాం అన్నారు. కదలని కారుకి అప్‌డేట్. ఆ తర్వాత ఐదు వారాలు బావ మెట్రోలో తిరిగాడు, మెట్రో కూడా కరెంటుదే కదరా అని సర్దిచెప్పుకుంటూ.

ఇదంతా మా నాన్నకి ఫోన్‌లో చెప్పా, ఊళ్ళో ఉంటాడు, ఎనభైకి దగ్గర్లో ఉన్నాడు. అయానిక్కులూ ఐసీసీయూలూ ఆయనకి పట్టలేదు. మొత్తం విని "ఏంటీ, ఫీజు పోయిందా?" అన్నాడు. అవున్నాన్నా అన్నా. "దానికి ఐదు వారాలు ఎందుకురా? అటక మీద రేకు డబ్బాలో వైరుంది, ఎవరన్నా వస్తుంటే పంపిస్తా. అల్లుడుగారికి చెప్పు, ఒక్క పోగే కట్టమను, రెండు పోగులు కట్టాడంటే ట్రాన్స్‌ఫార్మర్ లేచిపోద్ది."