సాయిల్ టెస్ట్ అంటే ఒక్క అంకె కాదు

విశాఖలో అపార్ట్‌మెంట్ కట్టేవాళ్లలో చాలామందికి సాయిల్ టెస్ట్ అంటే ప్లాను ఫైల్లో పెట్టాల్సిన కాగితం. నేల ఎంత బరువు మోస్తుందో చెప్పే అంకె చూసి ఫైలు మూసేస్తారు. ఆ అంకె ఏ మట్టిని పరీక్షిస్తే వచ్చింది, ఆ మట్టిని పైకి ఎలా తీశారు అని అడిగేవాళ్లు తక్కువ. నన్నడిగితే సగం తప్పులు అక్కడే మొదలవుతాయి.

ఈ ఊళ్లో నేల ఒక్క తీరుగా ఉండదు. పోర్టు చుట్టూ పల్లపు చోట్ల మెత్తటి సముద్రపు బంకమట్టి. కొండవాలున ఖొండలైట్ రాయి శిథిలమై మిగిలిన ఎర్రమట్టి. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల ఇసుక. అన్నిటికీ ఒకే పనిముట్టు సరిపోదు.

ఎక్కువగా చేసేది ఎస్‌పీటీ, అంటే స్టాండర్డ్ పెనెట్రేషన్ టెస్ట్. 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ, నిలువునా రెండుగా విడిపోయే స్ప్లిట్ స్పూన్ గొట్టాన్ని బోరు అడుగున 45 సెంటీమీటర్లు దించుతారు. మొదటి 15 వదిలేసి, మిగతా 30కి పడిన దెబ్బలే ఎన్ వాల్యూ; అది ఎంత ఎక్కువైతే నేల అంత గట్టి. ఇసుక నేలకు ఇది బాగానే పనికొస్తుంది. కానీ ఆ గొట్టం బయటి వ్యాసం సుమారు 51 మిల్లీమీటర్లు, లోపలిది 35. అంటే లోపలికి వచ్చే మట్టి కంటే గొట్టం గోడ పక్కకి నెట్టేసే మట్టే ఎక్కువ. అంతగా నలిగిన మట్టిని చూసి రకం చెప్పొచ్చు గానీ, పైన బరువు పడితే బంకమట్టి ఎంత కుంగుతుందో చెప్పలేం. దానికి పల్చటి గోడలున్న షెల్బీ ట్యూబు కావాలి. దాన్ని సుత్తితో కొట్టకూడదు, ఆగకుండా ఒకే ఊపున నొక్కి దించాలి. తీశాక రెండు చివరలూ మైనంతో మూసి, కుదుపు తగలకుండా ల్యాబుకు చేర్చాలి. పాలిథిన్ సంచిలో వేసి ఆటోలో పంపేస్తే ల్యాబు ఎంత మంచిదైతే ఏం లాభం?

వాష్ బోరింగ్‌లో, అంటే నీళ్లు పంపుతూ బోరు వేసేటప్పుడు, ఆ నీళ్లతో పాటు పైకొచ్చే బురదనే శాంపిల్ అని రాసేయడం మరీ అన్యాయం. అది ఏ లోతుదో ఎవరూ చెప్పలేరు.

కొండవాలున ఇంకో చిక్కు. గొట్టం దిగకపోతే ‘రాక్ తగిలింది’ అని పని ఆపేస్తారు. శిథిలమైన రాతినేలలో అక్కడక్కడా గట్టి గుండ్లు మిగిలిపోతాయి, వాటి కింద మళ్లీ మెత్తటి మట్టే ఉండొచ్చు. డైమండ్ బిట్‌తో ఇంకొన్ని మీటర్లు కోరింగ్ చేస్తేనే, అంటే రాతిని కడ్డీలా కోసి పైకి తీస్తేనే, అది బండో, గుండో తేలేది. ఖర్చు తగ్గించాలనుకుంటే ముందు కోతపడేది దానికే.

ఎర్ర ఇసుకకు కాలం కూడా చూడాలి. ఎండల్లో అది గోడలా నిలబడుతుంది, తడిస్తే పట్టు వదిలేస్తుంది. దిబ్బల్లో వాననీరు కోసిన లోతైన గండ్లు చూస్తే ఆ సంగతి అర్థమవుతుంది. మే నెలలో వచ్చిన ఎన్ వాల్యూను అక్టోబరు వానలకూ వర్తింపజేస్తే ఎలా?

ఫ్లాట్ కొనేవాళ్లు బిల్డర్‌ను బోర్ లాగ్, అంటే బోరులో ఏ లోతున ఏం దొరికిందో రాసిన కాగితం, చూపించమని అడగొచ్చు. ప్రతి 15 సెంటీమీటర్లకూ దెబ్బలు విడివిడిగా రాశారా, నీటిమట్టం ఉందా, ఏ శాంపిల్ ఏ గొట్టంతో తీశారు అన్నవి చూడాలి. అన్ని బోర్లలోనూ అవే అంకెలు కనబడితే మాత్రం, అడ్వాన్స్ ఇచ్చేముందు ఆ కాగితాలు బయటి ఇంజినీరుకు చూపించండి.