ఎలుకకు పోని భయం

కడప కోటిరెడ్డి సర్కిల్‌లో టీ తాగుతుంటే ఓ ఇంజినీరింగ్ కుర్రాడు అడిగాడు: ‘మార్స్‌కు పోతే క్యాన్సర్ వస్తాదంట కదా సార్?’ అందరూ అడిగేది అదే. నన్నడిగితే అది రెండో ప్రశ్న. దారిలో తగిలే రేడియేషన్‌కు క్యాన్సర్ వచ్చినా, మనిషి తిరిగొచ్చాక ఏ ఇరవై ఏళ్లకో రావచ్చు. బుర్ర దారిలోనే మొరాయిస్తే?

2016లో కాలిఫోర్నియా యూనివర్సిటీ అర్వైన్ శాస్త్రవేత్తలు, కాస్మిక్ కిరణాల్లో, అంటే అంతరిక్షంలో దూసుకొచ్చే రేడియేషన్‌లో, ఉండేలాంటి అయాన్లను (విద్యుదావేశమున్న కణాలను) ఎలుకల మీద ప్రయోగించి నెలల తరబడి గమనించారు. మోత మోగించి, షాకిచ్చి భయం నేర్పారు. తర్వాత షాక్ ఆపేసి ఉత్త మోతే వినిపించారు. మామూలు ఎలుకలు కాసేపటికి ‘ఇంకేం కాదులే’ అన్నట్టు సర్దుకున్నాయి. రేడియేషన్ తగిలినవి మాత్రం మోత విన్నప్పుడల్లా బిగుసుకుపోయాయి. 24 వారాలైనా వాటి నాడీకణాల కొమ్మలు చిక్కిపోయే ఉన్నాయి.

ఇప్పుడు అంగారకుడి దారిలో అలారం ఊరికే మోగిందనుకోండి. ‘ఉత్తదే’ అని తేల్చాల్సిన మనిషికి ఆ టెన్షన్ దిగకపోతే? భూమిని అడిగి జవాబు కోసం కూర్చుంటే ఒక్కోసారి 40 నిమిషాలు పోతాయి. ఇక రేడియేషన్ ఎంతంటారా, నాసా అంగారకుడికి పంపిన క్యూరియాసిటీ రోవర్ దారిలో కొలిచిన లెక్క ప్రకారం రానూపోనూ ప్రయాణానికే దాదాపు 660 మిల్లీసీవర్టులు (ఒంటికి తగిలే రేడియేషన్ కొలత). భూమ్మీద మనకు సహజంగా తగిలేది సగటున ఏడాదికి రెండున్నర కూడా కాదు.

ఎలుకలు మనుషులు కావంటారు, నెలల డోసు నిమిషాల్లో ఇచ్చారంటారు. నిజమే. అందుకే 2019లో ఎలుకలకే ఆరు నెలల పాటు కొద్దికొద్దిగా ఇచ్చి చూశారు. జ్ఞాపకం దెబ్బతింది, ఆందోళన పెరిగింది. రష్యా వ్యోమగామి పొల్యకోవ్ 437 రోజులు పైన ఉండొచ్చాడు కదా అంటారా, ఆయన తిరిగింది ఆ కిరణాలను చాలావరకు అడ్డుకునే భూమి అయస్కాంత గొడుగు కిందే.

2035కు సొంత అంతరిక్ష కేంద్రం, 2040కి చంద్రుడి మీద మనవాడు అంటున్నాం. రాకెట్ మనకొచ్చు. ఏళ్ల తరబడి మనిషి వెంట ఉండి ఆరోగ్యం ఎలా ఉందో రాసుకునే ఓపికే రాదు. దూరమెందుకు, తుమ్మలపల్లె యురేనియం గని చూడండి. వ్యర్థాల చెరువు పక్క ఊళ్లవాళ్లు బోరు నీళ్లు చెడిపోయాయని, అరటి తోటలు ఎండుతున్నాయని మొత్తుకుంటూనే ఉన్నారు. ఆ రేడియేషన్ వేరు, ఇది వేరు. ఎలుకల లెక్క ఊరికి అంటగట్టను. ఆ గని ఉన్న వేముల మండలంలో ఒక రిజిస్టరు పెట్టమంటున్నానంతే. అవే కుటుంబాలు, అవే పరీక్షలు, నీళ్లు, రక్తం, నిద్ర, పిల్లల చదువు, ఏటేటా, ఇరవై ఏళ్లు. రేపు పైకెళ్లే వాళ్ల రిజిస్టరు ఎలా రాయాలో అక్కడే నేర్చుకోవచ్చు.