ముప్పై వేలకు ఒకటి సరే, ఎన్ని మైళ్లకు?

“కర్నూలుకు రాసిచ్చినారు.” అంటే రోగిని అక్కడి పెద్దాసుపత్రికి పంపించారని. ఆదోని డివిజన్ పల్లెల్లో ఈ మాట చెవిన పడిందంటే ఆ ఇంట్లో అప్పు కోసం పరుగు మొదలైందన్నమాటే. కోసిగి నుంచి ఆదోనికి, అక్కణ్నుంచి దాదాపు వంద కిలోమీటర్లు కర్నూలు పెద్దాసుపత్రికి. 108 బండికి పైసా ఇవ్వక్కర్లేదు, నిజమే. వెంట వెళ్లే ఇద్దరి కూలి, నాలుగు రోజుల తిండి, తిరుగు ప్రయాణం ఏ పథకంలోనూ లేవు. కర్నూలులో కుదరకపోతే హైదరాబాద్. అనంతపురం వాళ్లకైతే బెంగళూరు. కడప వాళ్లకు తిరుపతి, అదీ దాటితే వేలూరు.

దేశంలో ఆరోగ్యం అందరికీ ఒకేలా అందడం లేదని గణాంకాలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. 2020లో పుట్టిన ప్రతి వెయ్యి మంది పసికందుల్లో ఏడాది నిండకుండా చనిపోయినవారు కేరళలో 6, మధ్యప్రదేశ్‌లో 43. దేశ సగటు 28, మన రాష్ట్రానిది 24. సగటు కంటే మెరుగ్గా ఉన్నామని అమరావతిలో ఊపిరి పీల్చుకోవచ్చు. ఆ 24లో కోసిగి ఎంత, కోనసీమ ఎంత అన్నది మాత్రం అందులో కనబడదు. జిల్లా లెక్క తీసుకున్నా అంతే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి కర్నూలు, నంద్యాల ఒకే జిల్లా. కేసీ కాలువ కింద వరి పండించే ఊళ్లూ, ఏటా వలసపోయే పడమటి ఊళ్లూ ఒకే గంపలో కలిసిపోయాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఆ పడమటి మండలాలన్నీ కర్నూలు వాటాకే మిగిలాయి.

ఈ తేడాకు కారణమేమిటని అడిగితే కరవు, పేదరికం, బాల్యవివాహాలు అంటారు. కాదనలేం. ఎవరూ పెద్దగా మాట్లాడని కారణం ఇంకోటి సర్కారు రూల్‌లోనే దాగి ఉంది. మైదాన ప్రాంతంలో 30,000 జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) ఉండాలి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 20,000కు ఒకటి. వినడానికి ఎంత న్యాయంగా ఉందో! కాస్త కాగితం, పెన్ను తీసుకుందాం. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి పశ్చిమ గోదావరిలో చదరపు కిలోమీటరుకు సుమారు 508 మంది. ఉమ్మడి అనంతపురంలో 213, కడపలో 188. (పోలికకు పశ్చిమ గోదావరిని, విజయవాడ లాంటి మహానగరం లేని జిల్లా కాబట్టి, కావాలనే ఎంచుకున్నాం.) అంటే 30,000 మంది గోదావరి గట్టున 59 చదరపు కిలోమీటర్లలో దొరికిపోతారు. అదే జనం అనంతలో 141, కడపలో 160 చదరపు కిలోమీటర్లలో చెల్లాచెదురుగా ఉంటారు. రూల్ ఒకటే, డాక్టరూ ఒక్కరే. ఇక్కడి బాలింత మాత్రం రెండున్నర రెట్లు పెద్ద మైదానంలో ఆ డాక్టరును వెతుక్కోవాలి. ఆ మైదానంలో బస్సులూ తక్కువే.

ఈ కొలతను మార్చడానికి కొత్త సిద్ధాంతాలేమీ అక్కర్లేదు. ఎంపిక చేసిన కొండ, ఎడారి జిల్లాల్లో పీహెచ్‌సీ కింద ఉండే ఉపకేంద్రాలకు జనాభా లెక్క బదులు, నివాసం నుంచి నడిచి 30 నిమిషాల్లో చేరుకునేలా ఉండాలన్న కొలతను జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ఎప్పుడో ఒప్పుకుంది. ఇక అనంతపురం సంగతి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కురిస్తే గొప్ప. 1990ల్లో కేంద్రం ఎడారి అభివృద్ధి పథకంలోకి మన రాష్ట్రం నుంచి చేర్చిన ఒకే ఒక్క జిల్లా ఇది. ఇసుక మేటలకూ చెక్‌డ్యాములకూ ఎడారి అయిన నేల డాక్టరు దగ్గరకొచ్చేసరికి సుఖమైన మైదానం ఎలా అయింది? ఢిల్లీకి ఫైలు పంపేవాళ్లు ఈ ఒక్క ప్రశ్న వేసినా చాలు.

రాష్ట్రం చేసిన పని లేకపోలేదు. మండలానికి రెండు పీహెచ్‌సీలు, 2,500 జనాభాకు ఒక విలేజ్ క్లినిక్, నెలకు రెండుసార్లు ఊరికే వచ్చే డాక్టరు మంచి ఆలోచనలే. బీపీ, షుగర్ మాత్రలు ఇంటి పక్కనే దొరకడం వృద్ధులకు ఎంత ఊరటో పల్లె మనుషులకే తెలుసు. అర్ధరాత్రి అడ్డం తిరిగిన బిడ్డకు క్లినిక్ సరిపోదు. సిజేరియన్‌కు గైనకాలజిస్టు, మత్తు డాక్టరు, రక్తం మూడూ ఒకే చోట, ఒకే వేళ ఉండాలి. ఒకటి లేకపోయినా “కర్నూలుకు రాసిస్తారు.” ఆదోని మెడికల్ కాలేజీకి 2021 మే 31న శంకుస్థాపన జరిగింది. ప్రభుత్వమే నడపాలా, ప్రైవేటుతో కలిసా అన్న వాదనలో కాలం గడుస్తోంది. ప్రభుత్వమే నడపాలన్నది మా అభిప్రాయం. కాలేజీ సంగతి తేలేదాకా ఆదోనిలో రాత్రిపూట మత్తు డాక్టరు డ్యూటీలో ఉండేలా చూడటానికి అడ్డేమిటి?

ఆరోగ్యశ్రీ 2007లో మొదలైన తొలి మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఈ ప్రాంతానికి ఆ పథకం చేసిన మేలు చిన్నది కాదు. అయితే బిల్లు కట్టే పథకం ఆసుపత్రిని కట్టదు. డబ్బు ఆసుపత్రులు ఉన్నచోటికే ప్రవహించింది. మంగళగిరి ఎయిమ్స్ రాష్ట్రానికంతటికీ గర్వకారణమే, కానీ కర్నూలు నుంచి అది 300 కిలోమీటర్లకు పైమాటే. హైదరాబాదే దగ్గర.

ఆ దగ్గర ఎంత దగ్గరో 2021 మేలో చూశాం. కోవిడ్ రెండో అల వేళ, కర్నూలు దాటాక హైదరాబాద్ దారిలో ఉన్న పుల్లూరు టోల్‌గేటు దగ్గర ఆంధ్ర అంబులెన్సులను తెలంగాణ పోలీసులు ఆపారు. ఆక్సిజన్ సిలిండర్లతో మనుషులు రోడ్డు మీద ఎదురుచూశారు. తెలంగాణ హైకోర్టు జోక్యం చేసుకుంటే గానీ దారి తెరుచుకోలేదు. అదే కర్నూలు పెద్దాసుపత్రిలో గద్వాల వాళ్లూ రాయచూరు వాళ్లూ ఏళ్లుగా మంచాలు పంచుకుంటున్నారు. ఎవరినీ ఏ ఊరని అడిగి వెనక్కి పంపిన ఆసుపత్రి కాదది. సరిహద్దు అవతలి ఆసుపత్రిని నమ్ముకున్న ప్రాంతానికి ఆ గేటు ఎప్పుడైనా పడొచ్చు.

ఇక సుగ్గి. పడమటి మండలాల్లో వలసను అలాగే అంటారు. దీపావళి దాటాక కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు మిరప చేలకు కదులుతాయి, ఉగాదికి తిరిగొస్తాయి. కడుపుతో ఉన్న ఆడవాళ్లూ వెళ్తారు, చంటిపిల్లలూ వెళ్తారు. ఇక్కడి అంగన్‌వాడీ రిజిస్టర్లో పేరుంటుంది, గుడ్డు తినే బిడ్డ ఉండదు. రక్తహీనతకు ఇచ్చిన ఐరన్ మాత్రలు అయిపోతే అక్కడ అడిగే దిక్కుండదు. (ఈ సంగతి మేమూ దారిలో ప్రసవం అయినప్పుడే రాస్తాం. ఆ తప్పు మాదే.) రేషన్ బియ్యం ఎక్కడున్నా తీసుకునే ఏర్పాటు వచ్చింది కదా, గర్భిణికి చేసే పరీక్షలకు మాత్రం ఎందుకు కుదరదు? సుగ్గికి వెళ్లే గర్భిణుల జాబితా కోసిగి ఏఎన్ఎం దగ్గర నుంచి, వాళ్లు దిగే గుంటూరు పల్లె ఏఎన్ఎం ఫోనుకు చేరాలి. ఇందుకు భవనం, టెండరు అక్కర్లేదు. ఒక జీవో చాలు, అదీ దీపావళిలోపే రావాలి.