బి సెక్షన్ దాటని వైరస్

కరోనా వైరస్‌ను అది వచ్చిన మొదటి రెండేళ్ళలో తిట్టనివాళ్ళు లేరు. దాని మంచి గుణం ఒక్కటైనా ఎత్తినవాళ్ళు మాత్రం కనపడరు. ముఖ్యంగా దాని క్రమశిక్షణ. బెంగళూరులో కాపురం ఉంటూ ఇద్దరు పిల్లల్ని బడికి పంపుతున్న తండ్రిగా ఆ లోటు నేను తీరుస్తున్నాను.

సాక్ష్యం లేకుండా మాట్లాడటం లేదు. 2022 జనవరి 4న కర్ణాటక ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వులు చూడండి. రాత్రి పది నుంచి తెల్లవారుజామున ఐదు దాకా కర్ఫ్యూ. అంటే వైరస్‌ది నైట్ షిఫ్టు. శుక్రవారం రాత్రి పదికి మొదలై సోమవారం పొద్దున ఐదు దాకా వారాంతపు కర్ఫ్యూ. ఊళ్ళో సాఫ్ట్‌వేర్ వాళ్ళంతా వీకెండ్ కోసం బతుకుతుంటే, పాపం అది శని, ఆదివారాలు కూడా డ్యూటీ చేస్తుందన్నమాట. బార్లు, పబ్బులు, సినిమా హాళ్ళు సగం మందితో నడుపుకోవచ్చు. గుమ్మం దగ్గర నిలబడి తలలు లెక్కపెట్టి, యాభై శాతం దాటలేదని తేలితే మారు మాట్లాడకుండా వెనక్కి పోయే రకం అది. బడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం దానికి సగాలూ పావులూ నచ్చవు. బెంగళూరులో ఒకటి నుంచి తొమ్మిది దాకా తరగతులన్నీ మూత. పది, పదకొండు, పన్నెండు మాత్రం తెరిచే ఉంచారు. పబ్లిక్ పరీక్షలంటే దానికున్న భయభక్తులు మన పిల్లలకు ఉంటే ఎంత బాగుండేది!

జనవరి 31న బళ్ళు మళ్ళీ తెరిచారు. తెరిచిన కొద్ది రోజులకే మా వాడి రెండో తరగతి బి సెక్షన్‌లో ఒక కేసు వచ్చింది. ఆ సంగతి రాత్రి తొమ్మిదిన్నర దాటాక స్కూల్ యాప్‌లో పీడీఎఫ్ రూపంలో దిగింది. ఇలాంటివి ఎప్పుడూ ఆ వేళకే దిగుతాయి. పగలు పంపితే తల్లిదండ్రులు ఫోన్ చేసి ప్రశ్నలడుగుతారు కదా. మూడు పేజీల సర్క్యులర్. మొదటి పేజీలో కంగారు పడొద్దని రాశారు. రెండో పేజీలో ఎందుకు కంగారు పడాలో రాశారు. మూడో పేజీలో ట్రాన్స్‌పోర్ట్ ఫీజు కట్టాల్సిన ఆఖరి తేదీ. తేలిందేమిటంటే, బి సెక్షన్ మొత్తం ఏడు రోజులు ఇంట్లోనే ఉండాలి, ఆన్‌లైన్ క్లాసులు జరుగుతాయి. ఎ సెక్షన్, సి సెక్షన్ పిల్లలు మామూలుగా రావచ్చు.

వైరస్ మీద నాకు గౌరవం రెట్టింపైంది ఇక్కడే. ఎ, బి సెక్షన్ల పిల్లలు ఒకే వ్యాన్‌లో వెళ్తారు, ఇద్దరు కూర్చునే సీట్లో నలుగురు. ఇద్దరికీ మ్యూజిక్ టీచర్ ఒకరే, చేతులు కడుక్కునే కుళాయి ఒకటే. మధ్యాహ్నం మా వాడి డబ్బాలోని పులిహోర ఎ సెక్షన్ వాడి పొట్టలోకి, వాడి పనీర్ రోల్ మా వాడి పొట్టలోకి వెళ్ళడం రోజూ ఉన్నదే. కేసు బయటపడిన ముందు రోజు మా వాడు స్పైడర్‌మ్యాన్ మాస్కుతో వెళ్ళి ఛోటా భీమ్ మాస్కుతో తిరిగొచ్చాడు. "మార్చుకున్నాం నాన్నా, రేపు ఇచ్చేస్తాడు" అన్నాడు. అది అప్పటికే తడిసి ముద్దయి ఉంది. అయినా సరే, వైరస్ బి సెక్షన్ దాటదు. సెక్షన్ మారాలంటే ప్రిన్సిపాల్‌కు అర్జీ పెట్టుకోవాలని దానికి తెలుసు. మేం పెట్టుకున్న అర్జీకే ఇంతవరకూ దిక్కు లేదు.

కాంటాక్ట్ అంటే ఎవరు? అమెరికా వాళ్ళ రోగ నియంత్రణ సంస్థ సీడీసీ ఒక కొలత చెప్పింది. రోగికి ఆరడుగుల లోపు, ఒక రోజులో మొత్తం పదిహేను నిమిషాలు గడిపినవాళ్ళు. ఈ కొలత పెట్టినవాళ్ళు రెండో తరగతి గదిలోకి ఎప్పుడూ తొంగిచూసి ఉండరు. ఆ వయసువాడు పదిహేను నిమిషాలు ఒకచోట ఉన్నాడంటే వాడికి ఒంట్లో బాగాలేదని అర్థం. మిగతా సమయమంతా ఒకడి మెడ మీద ఇంకొకడు ఉంటాడు.

సరే, ఇంటికొచ్చాం. ఇంట్లో ఎలా విడిగా ఉంచాలో ప్రభుత్వం చెప్పిన నిబంధనలు తీశాను. గాలీ వెలుతురూ వచ్చే గది, వీలైతే దానికే విడిగా బాత్రూమ్, వాడికి విడిగా కంచం, గ్లాసు. చదువుతుంటే కళ్ళు చెమర్చాయి. మారతహళ్ళిలో టూ బీహెచ్‌కే అద్దెకు తీసుకున్నవాడికి ప్రభుత్వం తప్ప ఇంత పెద్ద ఇల్లు ఎవరూ చూపించలేదు. మా రెండు గదుల్లో ఒకదాంట్లో నెల్లూరు నుంచి వచ్చిన మా అమ్మ ఉంటుంది. రెండోదాంట్లో పగలు నా ఆఫీసు కాల్స్, రాత్రి మిగతా సంసారం. హాల్లో విడిగా ఉంచుదామంటే ఇంట్లో అందరూ అన్ని పనులకూ హాల్లోంచే పోవాలి. ఆఖరికి వాడికి బాల్కనీ కేటాయించాం. బట్టలు ఆరేసే తీగ కింద, తులసి కుండీ పక్కన, ఐదు నిమిషాలు ఐసొలేషన్‌లో ఉన్నాడు. ఆ తర్వాత టీవీ రిమోట్ కోసం అక్కతో కుస్తీకి లోపలికొచ్చాడు.

ఈ అక్క సంగతే అసలు చెప్పాల్సింది. అదే బడిలో ఆరో తరగతి. తమ్ముడు కాంటాక్ట్. ఇది కాంటాక్ట్‌కు కాంటాక్ట్. కాంటాక్ట్‌కు కాంటాక్ట్ అయినవాళ్ళకు ఏ ఆంక్షా లేదు, నిక్షేపంగా బడికి రావచ్చని క్లాస్ టీచర్ చెప్పేశారు. రాత్రి ఇద్దరూ ఒకే మంచం మీద, ఒకే దుప్పటి చెరో కొసా లాక్కుంటూ పడుకుంటారు. తెల్లారితే ఒకడు అంటరాని కేసు, రెండోది వ్యాన్ ఎక్కి ఏ దోషమూ లేకుండా బడికి పోతుంది.

మా అమ్మకు ఇది అర్థం చేయించడానికి చాలా శ్రమపడ్డాను. ఆవిడకు ఈ విద్య కొత్త కాదు. మైల లెక్కలు ఆవిడకు కొట్టిన పిండి. ఎవరికి పది రోజులు, ఎవరికి మూడు రోజులు, ఎవరికి తలస్నానంతో సరి, కబురు ఆలస్యంగా అందితే ఎలా లెక్కపెట్టాలి, అన్నీ నోటికి వచ్చు. చుట్టాలు ఫోన్ చేసి మరీ అడుగుతారు. అలాంటి మనిషి సర్క్యులర్ మొత్తం చదివించుకుని, కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది.

"ఇదేం లెక్కరా? ఎక్కడో వెనక బెంచీలో కూర్చున్నవాడికి ఏడు రోజులా? తోడబుట్టినదానికి తలస్నానం కూడా లేదా?"

"వాళ్ళు సెక్షన్ ప్రకారం పెట్టారమ్మా."

"ఆటలమ్మ పోసినప్పుడు మిమ్మల్ని ఇంట్లో ఒక మూల కూర్చోబెట్టి వేపమండలు పెట్టాను. ఏ సెక్షనని ఎవరడిగారు?"

రోజుల సంఖ్య దగ్గర ఆవిడకు ఇంకా అనుమానాలున్నాయి. నాకూ ఉన్నాయి. మన దేశంలో హోం ఐసొలేషన్ మొదట్లో పదిహేడు రోజులు, తర్వాత పది, 2022 జనవరిలో ఏడు. ఇంగ్లండులో కాంటాక్టులకు పెట్టిన పద్నాలుగు రోజుల్ని 2020 డిసెంబరులో పదికి తగ్గించారు. అమెరికాలో 2021 డిసెంబరు చివర పదిని ఐదు చేశారు. ఇంగ్లండు బళ్ళలోనైతే పిల్లల్ని గుంపులుగా విడదీసి వాటికి బబుల్స్ అని పేరు పెట్టారు. ఒక్కడికి వస్తే బబుల్ మొత్తం ఇంటికి. 2021 జులై నడుమ ఒక్క వారంలోనే పది లక్షల మందికి పైగా పిల్లలు కోవిడ్ పేరుతో బడికి దూరంగా ఉన్నారు. ఆ నెల 19న బబుల్స్ ఎత్తేశారు, ఆగస్టు 16 నుంచి పద్దెనిమిదేళ్ళ లోపువాళ్ళు కాంటాక్ట్ అయినంత మాత్రాన ఇంట్లో కూర్చోనక్కర్లేదన్నారు. అంత పెద్ద దేశం వదిలేసిన బబుల్‌ను మా బడి భద్రంగా ఏరి తెచ్చుకుని, బి సెక్షన్ అని పేరు పెట్టుకుంది.

ఏడు రోజులు ఎప్పటి నుంచి? అది సర్క్యులర్‌లో లేదు. కేసు ఆఖరుసారి బడికొచ్చింది శుక్రవారం. మాకు తెలిసింది మంగళవారం. శుక్రవారం నుంచి లెక్కేస్తే సగం అప్పటికే గడిచిపోయింది, ఆ సగంలో మా వాడు రెండు పుట్టినరోజు పార్టీలకు వెళ్ళొచ్చాడు. ఫోన్ చేస్తే ఆఫీసు మేడమ్ "సేఫ్‌గా ఉండటానికి ఈ రోజు నుంచి లెక్కపెట్టుకోండి సార్" అన్నారు. ఎవరు సేఫ్‌గా ఉండటానికో అడగలేదు.

కేసు ఎవరన్నది గోప్యంగా ఉంచుతామని సర్క్యులర్‌లో నల్లటి అక్షరాలతో రాశారు. పది దాటకముందే పేరెంట్స్ గ్రూప్ తేల్చేసింది. సోమవారం డాన్స్ ప్రాక్టీసుకు రానిది ఎవరు, ఎవరి నాన్న ఈ మధ్య హైదరాబాద్ వెళ్ళొచ్చారు, ఎవరి ఇంటికి మెడికల్ షాపు వాడు డెలివరీ ఇచ్చాడు, అన్నీ బయటికొచ్చాయి. ఇంతమంది నిపుణులు ఒక్క గ్రూపులో ఉండి, నగరంలో పోయిన బైకులు ఇంకా దొరకకపోవడం ఏమిటో. "నేను పేరు చెప్పను, కానీ కొంచెం బాధ్యత ఉండాలి" అని ఒకావిడ రాస్తే ముప్ఫై బొటనవేళ్ళు లేచాయి. ఆ బిడ్డ తల్లి కూడా అదే గ్రూపులో ఉందని, ఆ ముప్ఫై వేళ్ళనూ ఒక్కొక్కటిగా చూస్తూ ఉంటుందని ఎవరికీ తోచలేదు. ఆమె చేసిన నేరం ఒకటే. పిల్లాడికి జ్వరం వస్తే పరీక్ష చేయించి, ఉన్నది ఉన్నట్టు బడికి చెప్పింది.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్ళు తమ వంతు చేశారు. మా వాడు ప్లే ఏరియాకు రాకూడదు, లిఫ్ట్ ఒంటరిగా వాడాలి. పనమ్మాయి మా ఇంటికి రాకూడదు, ఎదురింటికి రావచ్చు. ఎదురింట్లో గిన్నెలు తోముతూ తలుపు తీసి ఉంచి, మా ఆవిడతో అరగంట కబుర్లు చెప్పి వెళ్ళేది. గేటు దగ్గర సెక్యూరిటీ అతను అందరి నుదుటికీ థర్మల్ గన్ గురిపెట్టేవాడు. ఫిబ్రవరి పొద్దుటి చలికి అది నాకు 93 చూపించింది. ఆ లెక్కన నన్ను లోపలికి కాదు, అంబులెన్సులోకి పంపాలి. ఆయన ఏమాత్రం తొణకలేదు. రిజిస్టర్‌లో 97.4 అని రాసుకున్నాడు. పైన ఉన్న పేర్లన్నిటికీ 97.4 ఉంది. మొత్తం మూడు టవర్లదీ ఒకే ఉష్ణోగ్రత.

ఏడు రోజులూ గడిచాక బడికి రావాలంటే నెగెటివ్ రిపోర్టు, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తెమ్మన్నారు. లక్షణాలు లేని కాంటాక్టులకు, వయసు మీరినవాళ్ళూ ఇతర జబ్బులున్నవాళ్ళూ తప్ప, పరీక్ష అక్కర్లేదని మన వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ జనవరి 10నే చెప్పింది. ఆ మాట చెబితే "అది ఐసీఎంఆర్ పాలసీ సార్, ఇది స్కూల్ పాలసీ" అన్నారు. పిల్లల డాక్టరు గారు మా వాడి వైపు చూడకుండానే 'ఫిట్ టు అటెండ్ స్కూల్' అని రాసి స్టాంపు వేశారు. పొద్దుటి నుంచీ ఇవే రాస్తున్నట్టున్నారు, ప్యాడ్ సగం అయిపోయి ఉంది. వాడు మాత్రం బయటికొస్తూ "నాన్నా, మళ్ళీ ఎవరికైనా వస్తే ఇంకో ఏడు రోజులు ఇస్తారా?" అని ఆశగా అడిగాడు. జ్వరం తెచ్చుకున్నవాడు బి సెక్షన్ పిల్లల్లో అప్పటికే హీరో.

ఇంత కట్టుదిట్టం చేశాక ఫలితం రాకుండా ఉంటుందా? ఆ తర్వాత మా బడిలో ఒక్క కేసు కూడా రాలేదు. జలుబులు వచ్చాయి, దగ్గులు వచ్చాయి, కానీ అవి వెదర్ ఛేంజ్ వల్ల. గొంతు నొప్పి వచ్చింది ఐస్‌క్రీమ్ వల్ల. జ్వరం వచ్చింది, పొద్దున ఏడింటికి పారాసిటమాల్ సిరప్ వేస్తే ఎనిమిదింటికి వ్యాన్ ఎక్కేసరికి పోయింది, మధ్యాహ్నం ఒంటిగంటకు మళ్ళీ వచ్చిందంటే అది బడి బాధ్యత. మెడికల్ షాపుల్లో ఇంట్లోనే చేసుకునే టెస్టు కిట్లు దొరికేవి, కానీ ఫలితాన్ని కిట్టు యాప్‌లో ఎక్కించాల్సి వచ్చేది. ఎక్కిస్తే రికార్డు. రికార్డుంటే ఇంకో సర్క్యులర్, ఇంకో ముప్ఫై బొటనవేళ్ళు. అందుకే తెలివైన కుటుంబాలు కిట్టు కొనడమే మానేశాయి. తెలియని రోగానికి ఐసొలేషన్ ఉండదు కదా.

నెలాఖరుకు స్కూల్ యాప్‌లో ఇంకో పీడీఎఫ్ దిగింది. రెండో తరగతి బి సెక్షన్ జీరో కేసులు సాధించినందుకు తల్లిదండ్రులందరికీ అభినందనలు. ఆ రోజు బి సెక్షన్‌లో హాజరైంది సగం మందే. మిగతావాళ్ళ లీవ్ లెటర్లలో ఒకరికి బాబాయి పెళ్ళి, ఒకరికి మేనత్త పెళ్ళి, ఇద్దరికి పక్కింటివాళ్ళ పెళ్ళి. మా వాడు ఈ జాబితా చదివి వినిపిస్తుంటే మా అమ్మ గోడకున్న పంచాంగం క్యాలెండర్ దగ్గరికి వెళ్ళి, తేదీ మీద వేలు పెట్టి చూసింది.

"మూఢంలో ఇన్ని పెళ్ళిళ్ళేందిరా?"