వైరు పోయింది, దోషీ పోయాడు

బెజవాడలో రాత్రి షూటింగులో లైటు మొరాయించడం ఇదివరకూ ఉంది. కానీ అప్పట్లో న్యాయం కూడా ఉండేది. డిమ్మర్‌కీ లైటుకీ మధ్య వైరుండేది, దాన్ని తొక్కినవాడు ఒకడుండేవాడు. యూనిట్ మొత్తం వాణ్ణి తిట్టుకుని తేలికపడి తర్వాతి టేక్‌కి వెళ్లేది. ఎల్‌ఈడీ లైట్లకు వైర్‌లెస్ డీఎంఎక్స్, అంటే లైట్ల వెలుగునీ రంగునీ వైరు లేకుండా దూరం నుంచి నడిపే సిగ్నల్, వచ్చి ఈ సదుపాయాన్ని పీకేసింది. గాలిని ఎవరు తొక్కారని అడుగుతాం?

కనుక విచారణ కమిషన్ తప్పదు. మొదటి ముద్దాయి బీసెంట్ రోడ్డు. ఈ సిగ్నల్ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్ మీద. దుకాణాల వైఫై, జనం చెవుల్లోని బ్లూటూత్, చాలా ఫోకస్ రిమోట్లు కూడా అక్కడే కాపురం. సీఆర్‌ఎమ్‌ఎక్స్ (వైర్‌లెస్ డీఎంఎక్స్‌లో ఒక రకం) ట్రాన్స్‌మిటర్ ఖాళీ ఉన్నచోటికి గెంతుతూ పోతుంది, నిజమే. పండగ ముందు బీసెంట్ రోడ్డులో ఖాళీ దొరకొద్దూ? పైగా మనిషి ఒళ్లంటే సగానికి పైగా నీళ్లే, నీళ్లు ఈ తరంగాలను మింగేస్తాయి. ఖాళీ వీధిలో టెస్టు చేసినప్పుడు బుద్ధిగా వెలిగిన లైటు, జూనియర్ ఆర్టిస్టులు రెండొందల మంది అడ్డం నిలబడగానే మాట వినకపోవడం అందుకే. ట్రాన్స్‌మిటర్‌ను జనరేటర్ వ్యాన్ వెనక కుర్చీ కింద దాచకుండా, స్టాండెక్కించి మూడు మీటర్ల ఎత్తున పెడితే సగం కేసు కొట్టేయవచ్చు. యాంటెన్నా నిటారుగా ఉండాలి. లైటుకు వేలు పెట్టి చూపించినట్టు వంచుతారు చాలామంది. దాని కొన వైపే సిగ్నల్ అతి తక్కువ.

రెండో ముద్దాయి అద్దె లైటు. దాని పాత లింకు తెగలేదు. నిన్నటి యూనిట్ ట్రాన్స్‌మిటర్‌తోనే ఇంకా కాపురం చేస్తోంది. మనం లింక్ బటన్ ఎన్నిసార్లు నొక్కినా కన్నెత్తి చూడదు, ఎందుకంటే ఆ పిలుపుకు పలికేది పెళ్లికాని లైట్లే. లైటు మెనూలోకి వెళ్లి అన్‌లింక్ చేయాలి. ట్రాన్స్‌మిటర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కిపట్టి అందరికీ ఒకేసారి విడాకులిచ్చినా, అప్పుడు ఆఫ్‌లో ఉన్న లైటుకు ఆ కబురు చేరదు.

అడ్రసుల గొడవ మరీ ఘోరం. వెలుగు, రంగు లాంటి ఒక్కో పనికి ఒక్కో నంబరు, అదే ఛానల్; లైటు మొదటి నంబరే దాని అడ్రసు. నాలుగు ఛానళ్ల లైట్లయితే 1, 5, 9, 13 అని పోతూ ఇరవయ్యోది 77 దగ్గర మొదలవుతుంది. మధ్యలో ఒక్కటి, ఒక్కో పనికి రెండేసి ఛానళ్లు తినే 16 బిట్ మోడ్‌లో ఉందా, దానికి ఎనిమిది ఛానళ్లు కావాలి, పక్కింటి నాలుగూ తనవే అంటుంది. హీరోయిన్ ముఖం మీద వెలుగు పెంచితే వెనక గోడ ఆకుపచ్చగా మారుతుంది. దర్శకుడికి నచ్చితే అదే ఉంచేస్తారనుకోండి.

వీటన్నిటికన్నా నంగనాచి ‘హోల్డ్’ సెట్టింగు. సిగ్నల్ పోయినా లైటు చివరి వెలుగుతోనే నిలబడుతుంది, ఎవరికీ అనుమానం రాదు. తీరా కరెంటు పోయే సీన్‌లో హీరో స్విచ్ నొక్కుతాడు, ఇల్లంతా దేదీప్యమానం. టెస్టు పూటంతా, సిగ్నల్ పోగానే లైటు ఆరిపోయే ‘బ్లాకవుట్’లో ఉంచితే ఏ లైటు పారిపోతోందో తెలుస్తుంది. టేక్ ముందు హోల్డ్‌కి మార్చుకోవచ్చు.

కమిషన్ సిఫార్సు ఒక్కటే. ప్రతి సెట్‌లో 5 పిన్నుల డీఎంఎక్స్ కేబుల్ చుట్ట ఒకటి, వరసలో చివరి లైటుకు పెట్టి సిగ్నల్ వెనక్కి తిరిగి రాకుండా ఆపడానికి 120 ఓమ్‌ల టెర్మినేటర్ ఒకటి ఉండాలి. మైకు సెట్ వాళ్ల వైరు అడిగి తెచ్చి గుచ్చితే కుదరదు, దాని ఇంపెడెన్స్ (సిగ్నల్‌కు వైరు చూపే అడ్డు) వేరు, లైట్లు మిణుకుమంటాయి. వైర్‌లెస్ చక్కగా పనిచేస్తున్నా సరే, ఆ కేబుల్‌ను దారికి అడ్డంగా పరిచే ఉంచాలి. ఎవరో ఒకరు తొక్కాలి కదా.